దగ్గరి పట్నం, దూరపు జాగ్రత్తలు
(ఉగాది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం వేపపూతా బెల్లమూ నోట వేసుకొని, మధ్యాహ్నం ఓళిగలు తిని వచ్చిన వారిని ఎక్కువసేపు కూర్చోబెట్టడం న్యాయం కాదు. అయినా, "ఊరినుండి కొత్తగా వచ్చి కాపురం పెట్టేవారికీ, పనిమీద వచ్చి పోయేవారికీ పట్నాన్ని గురించి నాలుగు మాటలు చెప్పండి" అని సంఘంవారు కోరినందున నిలబడ్డాము. మేము చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలనుండి వేర్వేరు కాలాల్లో బెంగుళూరు చేరి, ఇక్కడ ఒకరికొకరం తోడైన వాళ్ళం. కాబట్టి ఇది ఒకరి పాండిత్యం కాదు. పది సంసారాల అనుభవం అనుకొని వినవలసిందిగా మనవి.

దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. మన చిక్కు వేరు. మనకు కొండ దగ్గర. చిక్కబళ్ళాపురంనుండి బెంగుళూరికి సుమారు 60 కిలోమీటర్లు, చింతామణినుండి 75 పైచిలుకు, బాగేపల్లినుండి 100. దుబాయికి పోయేవాడు బయలుదేరే ముందు పదిమందిని అడుగుతాడు. కాగితాలు సరిచూసుకొంటాడు. జీతమెంతో, బస ఎక్కడో, అప్పు ఎలా తీరుతుందో లెక్క వేసుకొంటాడు. తల్లిదండ్రులను ఎవరికి అప్పగించాలో ఆలోచిస్తాడు. బెంగుళూరికి వచ్చేవాడో? "రెండు గంటల దారే గదా" అని చేతిసంచితో బస్సెక్కుతాడు. ఈ "గదా" అన్న మాటలోనే ఉన్నది మన నష్టమంతా.

మేము చెప్పదలచినది ఒక్కటే. దగ్గరి పట్నానికైనా దూరదేశానికి పోయేటంత జాగ్రత్తతో రావలె. ఊరితో మాత్రం దగ్గరివాళ్ళలాగానే మెలగవలె. మనలో చాలామంది దీనిని తలక్రిందులు చేస్తున్నారు. పట్నంతో చనువు, ఊరితో దూరం! ఇక ఒక్కొక్కటిగా చూతాము.

మొదట దారి సంగతి. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి బస్సులు దేవనహళ్ళి మీదుగా హెబ్బాళం చేరి మెజెస్టిక్కుకు పోతాయి. తూర్పు పేటలలో, అంటే నాగవార, మారతహళ్ళి వైపు పని ఉన్నవారు మెజెస్టిక్కు దాకా పోయి వెనుకకు రావడం వృథా శ్రమ. హెబ్బాళంలోనే దిగి సిటీ బస్సు పట్టవలె. చింతామణి బస్సులు హొసకోట మీదుగా కృష్ణరాజపురం వస్తాయి. అక్కడ దిగితే మెట్రో రైలు సిద్ధంగా ఉన్నది. 2011 అక్టోబరులో చిన్న ముక్కగా మొదలైన మెట్రో, 2023 అక్టోబరు నాటికి తూర్పున వైట్‌ఫీల్డునుండి పడమట చల్లఘట్ట దాకా ఏకధాటిగా సాగింది. ఉత్తర దక్షిణాల దారిని ఇది మెజెస్టిక్కులో కలుస్తుంది. ఈ రెండు గీతలూ, అవి కలిసేచోటూ మనసులో ఉంచుకొంటే పట్నంలో సగం భయం పోతుంది.

రైలుదారి కూడా మరువరాదు. 2013లో కోలారు, చిక్కబళ్ళాపురాల మధ్య పెద్ద పట్టాలు పడినప్పటినుండి చింతామణి, శిడ్లఘట్ట, చిక్కబళ్ళాపురం, దేవనహళ్ళి, యలహంక ఒకే వరుసలో ఉన్నవి. రైళ్ళు తక్కువే, కాని వేళ తెలుసుకొని వస్తే ఖర్చూ తక్కువ, కుదుపూ తక్కువ. బాగేపల్లివారికి రైలు లేదు గనుక వారికి బస్సే గతి.

ఆడవారికి ఒక మాట. 2023 జూన్ 11నుండి కర్ణాటక ప్రభుత్వ బస్సులలో, ఏ.సి., విలాసపు బస్సులు తప్ప, ఈ రాష్ట్రపు ఆడవారికి ప్రయాణం ఉచితం. మన ఇంట మాట తెలుగైనా మన చిరునామా కర్ణాటకదే గనుక ఈ హక్కు మనది. చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చేత ఉంచుకొని, సున్నా టికెట్టు అడిగి తీసుకోవలె. మన ఊళ్ళలో ఆగే ఆంధ్ర సంస్థ బస్సులలో ఈ పథకం చెల్లదు. ఎక్కేముందు బస్సు ఎవరిదో చూసుకొంటే కండక్టరుతో మాట పట్టింపు ఉండదు. ఆటో ఎక్కేవారు మీటరు వేయించుకోవలె. 2025 ఆగస్టులో మొదటి రెండు కిలోమీటర్లకు 36 రూపాయలుగా ధర నిర్ణయించారు. ఈ అంకె తెలిసినవారిని బేరంలో దబాయించడం కష్టం.

రోజూ ఊరినుండి వచ్చి పోతామనే యువకులకు ఒక చిన్న లెక్క చెబుతాము. రావడానికి రెండు గంటలు, పోవడానికి రెండు గంటలు. నెలకు 25 పనిదినాలు. మొత్తం 100 గంటలు. అంటే నెలలో నాలుగు పగళ్ళు, నాలుగు రాత్రుళ్ళు, ఆపైన మరి నాలుగు గంటలు బస్సులోనే గడిచిపోతాయి. బాడుగ మిగిలిందని సంతోషించేటప్పుడు ఈ నాలుగు రోజుల వెలకూడా కట్టి చూడండి. కొందరికి అప్పటికీ ఊరే లాభం కావచ్చు. కొందరికి పట్నంలో చిన్న గదే లాభం. లెక్క వేయకుండా ఏళ్ళు గడపడం మాత్రం ఎవరికీ లాభం కాదు.

రెండవది ఆసుపత్రి. మన ఊళ్ళవారు పట్నానికి రావడానికి పెద్ద కారణం ఇదే. విక్టోరియా, వాణివిలాస, కంటి వైద్యానికి మింటో, ఈ మూడూ కృష్ణరాజేంద్ర మార్కెట్టు చెంత ఒకేచోట ఉన్నవి. మార్కెట్టు మెట్రో స్టేషనులో దిగవచ్చు. కేన్సరుకు కిద్వాయి, నరాల జబ్బులకు నిమ్‌హాన్స్ హొసూరు రోడ్డులో పక్కపక్కనే ఉన్నవి. గుండెకు జయదేవ. ఇవన్నీ ప్రజల డబ్బుతో నడిచే సంస్థలు. వీటిలో చీటి కోసం వరుస పెద్దది గనుక తెల్లవారకముందే బయలుదేరవలె. పాత చీటీలు, పరీక్షల కాగితాలు, ఆధారు, రేషను కార్డు, తాలూకా ఆసుపత్రివారి సిఫారసు చీటి ఒకే సంచిలో పెట్టుకొని రావలె. ఆ చీటి లేక రోగిని కూర్చోబెట్టి తిరిగి ఊరికి పరుగెత్తినవారు మన సభలోనే ఉన్నారు. మరొక మాట: చిక్కబళ్ళాపురంలోనే ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడ అయ్యే వైద్యానికి ఇక్కడికి పరుగెత్తనక్కరలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనుకోవడం పాత జబ్బు.

మూడవది ఇల్లు. ఇంటి బాడుగకు పదింతలు అడ్వాన్సు అడగడం ఈ నగరపు పాత ఆచారం. ఇప్పుడు కొందరు అంతకు తక్కువతో సరిపుచ్చుకొంటున్నారు గనుక అడిగి చూడడంలో తప్పు లేదు. ఎంత ఇచ్చినా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. పదకొండు నెలల కరారు పత్రం స్టాంపు కాగితంమీద వ్రాయించుకోండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రంగు కోసమని ఎంత పట్టుకొంటారో అందులోనే వ్రాయించండి. అన్నిటికన్నా ముందు, ఇల్లు చూపించే మనిషి ఇంటి యజమానేనా అన్నది తెలుసుకోండి. కరెంటు బిల్లుమీద, పన్ను రశీదుమీద ఉన్న పేరు చూస్తే చాలు. భోగ్యానికి తీసుకొనేవారు మరీ జాగ్రత్త పడవలె. యజమానికి తెలియకుండా మధ్యవర్తి లక్షలు పుచ్చుకొని కనబడకుండా పోయిన కథలు ఈ పట్నంలో కొత్తవి కావు. చెల్లెలి పెండ్లికని కూడబెట్టిన దుడ్లు అలా పోతే ఆ ఇల్లు తేరుకోవడానికి పదేండ్లు పడుతుంది.

బాడుగ ఇంట్లో ఉన్నవారు కూడా గృహజ్యోతి పథకంలో పేరు నమోదు చేసుకోవచ్చును. 2023లో వచ్చిన ఈ పథకం కింద, వెనుకటి వాడుకను బట్టి, నెలకు 200 యూనిట్లకు మించకుండా కరెంటు ఉచితం. రేషను కార్డు ఊరిదైనా ఇక్కడి చౌకధరల అంగడిలో బియ్యం తీసుకొనే వీలున్నది. ఓటు మాత్రం ఒక మనిషికి ఒక్కచోటనే. ఊళ్ళో ఒకటి, ఇక్కడ ఒకటి ఉంచుకోవడం చట్టవిరుద్ధం. ఎక్కడి మంచిచెడ్డలు మీకు ఎక్కువ పట్టునో అక్కడ ఉంచుకోండి.

నాలుగవది భూమి. విమానాశ్రయం 2008లో దేవనహళ్ళి దగ్గర తెరచినప్పటినుండి మన దారి పొడుగునా నేల బంగారమయింది. ఊళ్ళో రెండెకరాలు అమ్మి పట్నంలో ఒక సైటు కొందామనే ఆశ ఎవరికైనా పుట్టేదే. అమ్మవద్దని మేము అనము, తొందరపడవద్దంటాము. కొనే సైటు సేద్యపు భూమినుండి చట్టప్రకారం మార్పు చేయబడినదా, ఖాతా ఏ వర్గమా బి వర్గమా, ముప్పై ఏండ్ల ఋణభార పత్రంలో ఏమున్నది, ఇవి చూడనిదే అడ్వాన్సు ఇవ్వరాదు. మీకు వకీలు ఫీజు దండుగ అనిపిస్తుంది; ఫీజు వేలల్లో, సైటు లక్షల్లో అన్నది గుర్తుంచుకోండి.

ఊరి భూమి కాగితాల సంగతి మరీ ముఖ్యం. నాయన పోయి పదేండ్లయినా పహణిలో ఆయన పేరే ఉన్న ఇండ్లు మనలో ఎన్ని లేవు? "దగ్గరే గదా, ఎప్పుడో పోయి చేయించుకొంటాము" అని అన్నదమ్ములందరూ అనుకొంటారు. తరువాత బ్యాంకు అప్పు పుట్టదు, పంట నష్టపరిహారం రాదు, పిల్లల తరానికి అది వ్యాజ్యమవుతుంది. ఈ ఉగాదికి ఊరికి పోయేవారు పౌతి ఖాతా అర్జీ పెట్టి రావలసిందిగా మా విన్నపం. బాగేపల్లివారు ఇంకొకటి గమనించవలె. 2025 జూలైలో నందికొండమీద కూడిన కర్ణాటక మంత్రివర్గం ఆ ఊరికి భాగ్యనగరమని పేరు మార్చ నిశ్చయించింది. కొత్త పేరు ఎంత ముచ్చటగా ఉన్నా, పాత పేరున్న కాగితాలు పారవేయకండి.

అయిదవది భాష. పట్నంలో మన నోట తెలుగు వినగానే "మీరు ఆంధ్రావారా?" అంటారు. అనంతపురంలోనో మదనపల్లెలోనో చుట్టాలింటికి పోతే మన మాట విని "మీరు కన్నడంవాళ్ళా?" అంటారు. దీనికి నొచ్చుకోనక్కరలేదు. 1956లో భాషలను బట్టి రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మన తాలూకాలున్న కోలారు జిల్లా మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 2007లో ఆ తాలూకాలు విడివడి చిక్కబళ్ళాపురం జిల్లా అయినవి. ఇంట తెలుగు, బడిలో కన్నడం మనకు తాతల నాటినుండి వచ్చిన అలవాటు. చింతామణి తాలూకా కైవారంలో వెలసిన నారేయణ యోగి, మనమంతా కైవారం తాతయ్య అనుకొనే మహానుభావుడు, తెలుగులోనూ కన్నడంలోనూ పాడినాడు. ఆయనకు రెండు భాషలు బరువు కాలేదు, మనకెందుకు కావలె?

కనుక పట్నంలో వీధిలోకి పోతే కన్నడంలో మాట్లాడండి. మనకది అరువు భాష కాదు. దానిని మొహమాటంతో నమలనక్కరలేదు. ఇంట్లో తెలుగు విడువకండి. అపార్టుమెంటు మెట్ల దగ్గర పిల్లలు ఇంగ్లీషు, హిందీ నేర్చుకొంటారు; అవి వద్దని అనము. కాని అవ్వ ఫోనులో పలకరిస్తే జవాబు చెప్పలేని మనుమడు తయారైతే, ఆ ఇంట్లో ఒక తలుపు మూసుకొన్నట్లే. కన్నడం అక్షరాలు వచ్చిన పిల్లవానికి తెలుగు అక్షరాలు నేర్పడం కష్టం కాదు; రెండు లిపులూ ఒకే కడుపున పుట్టినవి. రాత్రి భోజనమయ్యాక పావుగంట కేటాయిస్తే వేసవి సెలవులలోగా చదవడం వస్తుంది.

ఆరవది చుట్టాలు. పరీక్షకని, ఆసుపత్రికని, పెండ్లి బట్టలకని ఊరివారు మన ఇంటికి వస్తారు. రావలసిందే. వచ్చేవారికి మా మనవి: ముందుగా ఒక ఫోను చేయండి. ఇక్కడి ఇల్లు ఊరి నడవ కాదు. ఒక గది, ఒక వంటిల్లు. నీళ్ళు లెక్కగా వస్తాయి. మగనిదీ ఆలిదీ ఉద్యోగాలైతే తాళంచెవి సంగతి ముందే మాట్లాడుకోవలె. ఇక ఉండేవారికి మా మనవి: వచ్చినవారి ఎదుట గడియారం చూడకండి. మార్గశిర పుష్యాలలో ఒక సంచి అనపకాయలు మోసుకొని వచ్చిన పిన్నమ్మ మనకు పితుకుపప్పు చారు మాత్రమే తేలేదు, ఊరిని తెచ్చింది. ఆమెను ఒక పూట లాల్‌బాగు చూపించండి. హైదరాలీ 1760లో మొదలుపెట్టిన తోట అది. పిల్లలను కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య వస్తుప్రదర్శనశాలకు తీసుకొనిపోయి, ఆ పేరుగల పెద్దమనిషి మన చిక్కబళ్ళాపురం పక్కన ముద్దేనహళ్ళివాడని చెప్పండి. కార్తీకమాసపు చివరి సోమవారం బసవనగుడిలో వేరుశనగకాయల పరిషె జరుగుతుంది. మన వైపు కాయల గుట్టల మధ్య నడిస్తే పట్నం కూడా ఊరిలాగే కనిపిస్తుంది.

ఏడవది, మాకు అన్నిటికన్నా బరువుగా తోచేది, ఊళ్ళో మిగిలిన తల్లిదండ్రులు. దూరదేశంలో ఉన్న కొడుకు ఆదివారం ఆదివారం తప్పక ఫోను చేస్తాడు. ఏడాదికి ఒక నెల సెలవు పెట్టి వస్తాడు. రెండు గంటల దూరంలో ఉన్న కొడుకు "ఎప్పుడైనా పోవచ్చు గదా" అంటూ పండుగకు తప్ప పోడు. పోయిననాడు కూడా ఉదయం వచ్చి సాయంత్రం బస్సు అందుకొంటాడు. దగ్గరితనం ఇలా దూరాన్ని పెంచడం మేము ఎన్నో ఇండ్లలో చూస్తున్నాము. "ఇక్కడికి రండి" అని పిలిస్తే వారు రారు. వచ్చినా మూడవ అంతస్తులో వీధి అరుగు లేక, పలకరించే మనిషి లేక, వారం తిరగకముందే ఊరు ఊరు అంటారు. అది వారి మొండితనం కాదు. అందుచేత ఒక నియమం పెట్టుకొందాము. నెలకు ఒక రాత్రి ఊళ్ళో పడుకొని రావలె. పగలు పోయి వస్తే మందులు, బిల్లులు తెలుస్తాయి. రాత్రి ఉంటేనే అమ్మకు నిద్ర పట్టడం లేదని, నాయనకు మెట్టు కనబడడం లేదని తెలుస్తుంది. వారి ఫోనుకు పోలీసులమని, బ్యాంకువారమని వచ్చే మోసపు పిలుపుల సంగతి కూడా ఆ రాత్రే నెమ్మదిగా చెప్పండి. ఏ పోలీసూ ఫోనులో ఖైదు చేయడు. మోసం జరిగితే వెంటనే 1930కి చెప్పవలెనని పెద్ద అక్షరాలతో గోడమీద వ్రాసి రండి.

చివరగా నీళ్ళ మాట చెప్పి ముగిస్తాము. నందికొండల చుట్టుపట్ల పుట్టిన పెన్న, చిత్రావతి, పాపఘ్ని మన తాలూకాల నేల తడిపి తెలుగునాటికి పోయినవి. చిత్రావతి బాగేపల్లి దాటి పుట్టపర్తి మీదుగా సాగుతుంది. పెన్న నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. నీళ్ళు ఆ వైపు పోతే మనుషులం ఈ వైపు వచ్చాము. మనం వచ్చిన ఈ నగరం దాదాపు 100 కిలోమీటర్ల దూరంనుండి కావేరిని పైకి తోడి తెచ్చుకొంటున్నది. 2024 వేసవిలో బోర్లు ఎండినప్పుడు, తాగేనీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. ఇక మన ఊళ్ళలో బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగినా తడి తగలని చోట్లున్నవి. తగిలిన నీటిలో ఫ్లోరైడు బాధ. ఇప్పుడు బెంగుళూరు వాడి విడిచిన నీటిని శుద్ధిచేసి, హెబ్బాళ నాగవార లోయ పథకం ద్వారా చిక్కబళ్ళాపురం వైపు చెరువులకు పంపుతున్నారు. ఆ నీరు ఇంకా బాగా శుద్ధి కావలెనని అక్కడి రైతులు అడుగుతున్నారు. అది న్యాయమైన కోరిక. ఇక్కడ మన ఇంటి తూములో మనం పోసేది ఏదో ఒకనాడు మన చుట్టాల చెరువుకు చేరవచ్చునని తెలిసినవాడు, మిగిలిన నూనె, రంగు, మందులు అందులో పోయడు.

నగరం వాడిన నీటినైనా వెనుకకు పంపుతున్నది. మనం ఏమి పంపుతున్నాము? గౌరీబిదనూరు తాలూకా హొసూరులో పేదయింట పుట్టిన హెచ్. నరసింహయ్యగారు 1935లో చదువుకోసం కాలినడకన బెంగుళూరికి వచ్చి నేషనల్ హైస్కూలులో చేరారు. భౌతికశాస్త్రంలో పండితులై, బెంగుళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. బ్రహ్మచారిగా కళాశాల వసతిగృహంలో ఒక గదిలోనే దశాబ్దాలు గడిపారు. ఆయన సేవించిన విద్యాసంస్థ కళాశాలలు ఈనాడు గౌరీబిదనూరులోనూ బాగేపల్లిలోనూ ఉన్నవి. అంతటి పని అందరికీ సాధ్యం కాదు. కాని ఊరి బడికి పది పుస్తకాలు, చదువుకొనే పిల్లకు ఒక ఏడాది ఫీజు, ఆసుపత్రికి వచ్చిన ఊరివానికి ఒక పూట తోడు, ఇవి మనలో ఎవరికి సాధ్యం కావు?

కనుక సోదర సోదరీమణులారా, పట్నంతో లెక్కగా ఉండండి; ఊరితో లెక్క చూడకండి. ఈ కొత్త సంవత్సరం మీ ఇండ్లలో చేదును తగ్గించి, తీపిని పెంచుగాక. నెలకు ఒక రాత్రి ఊళ్ళో ఉంటామన్న నియమాన్ని ఈ రోజే ఇంటి పంచాంగంమీద గుర్తు పెట్టుకోవలసిందిగా కోరుతున్నాము.